పై పదిహేను మెట్లు

మూడు రోజులు ఏకధాటిగా కురిసిన వాన ఆ తెల్లారేసరికి ఆగింది. ఎనిమిది గంటలకల్లా మబ్బులన్నీ తూర్పున ఒక మూలకి జరిగి, ఇల్లు మారేటప్పుడు పేర్చిన సామానులా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మిగతా ఆకాశం తోమి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఎండ మాత్రం ఇంకా నమ్మకం కుదరనట్టు గోడల మీద ఒకసారి పడి, మళ్లీ వెనక్కి తగ్గుతోంది.

వాన వెలిసిందని వీధిలో అందరూ ఆకాశం చూశారు. మేస్త్రి కూడా చూశాడు గాని, ఆయన చూసింది చెక్క కోసం.

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు. పియానోలకి శ్రుతి చేసే మనిషి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ పట్నంలో ఆ పనికి ఆయనొక్కడే. ఎవరింట్లో ఏ పియానో ఉందో, దానికి ఏ తీగ ఎప్పుడు తెగిందో, ఏ ఇంటావిడ టీ ఇస్తుందో, ఏ ఇంటావిడ మంచినీళ్లయినా అడగదో ఆయనకి కంఠతా వచ్చు. మాట్లాడటం తక్కువ. మాట్లాడక తప్పని చోట కూడా ‘ఊఁ’తో సరిపెట్టేవాడు.

వానకి చెక్క ఉబ్బుతుంది, తీగ బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఎండ పడితే అంతా తిరగబడుతుంది. గ్రంథాలయం మేడ మీది హాల్లో ఉన్న పియానోకి ఆయన మొన్న వానలో శ్రుతి చేసి వచ్చాడు. ఈ సాయంత్రం అయిదింటికి అక్కడ కచేరీ. ఎక్కడినుంచో ఇద్దరు వస్తున్నారట. టిక్కెట్లన్నీ అయిపోయాయట.

“ఎండొచ్చింది. కిందికి జారి ఉంటుంది,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

కోడలు అప్పటికే పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంది. కొడుకు లారీ నడుపుతాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. మూడేళ్ల కిందట మేస్త్రికి మోకాలు పట్టేసినప్పుడు సంచి మొయ్యడానికని వెంట వచ్చిన పిల్ల, మోకాలు బాగయ్యాక కూడా సంచి వదల్లేదు. పది రోజులుగా ఊళ్లో లేదు. వాళ్లమ్మ కాలు విరిగిందని పుట్టింటికి పోయి, రాత్రే వచ్చింది. అందుకని మొన్న శ్రుతి చెయ్యడానికి మేస్త్రి ఒక్కడే వెళ్లాడు.

మేస్త్రి ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని, ఈ ఏడు కీచురాళ్లు లేవేమిటి, మందులు కొట్టి చంపేసినట్టున్నారు అనుకున్నాడు. అంతలో కోడలు కిటికీ మూస్తూ, “అబ్బ, కీచురాళ్లు చెవులు కోసేస్తున్నాయి,” అంది.  మర్నాడు హాలుకి వెళ్లి, పియానో కుడి చివరినుంచి ఒక్కొక్క మెట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. చివరి పదిహేను మెట్లలో స్వరం లేదు. లోపలి సుత్తి తీగని తాకిన చప్పుడు మాత్రం ఉంది, మూసిన తలుపు అవతల ఎవరో వేలితో తట్టినట్టు. పదహారోది నొక్కితే పలికింది. ఆయన ఆ పదహారోదాన్నే చాలాసేపు నొక్కుతూ కూర్చున్నాడు.

చెవి లేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు? అందుకే నోరు మెదపలేదు. ఆ పైభాగాన్ని మణికట్టుతో చేయడం మొదలుపెట్టాడు. తీగ చుట్టిన ఏ బిరడ ఎంత తిప్పితే ఎంత బిగుస్తుందో ముప్పై ఆరేళ్లు తిప్పిన చెయ్యికి తెలియదా? తెలిసినట్టే ఉంది. రెండేళ్లలో ఒక్కరూ వంక పెట్టలేదు సరికదా, పై స్వరాలు ఇదివరకటి కన్నా బాగున్నాయని డాక్టరుగారు పిలిచి మరీ చెప్పారు. చెవి పోతే పోయింది, చెయ్యి ఉంది అనుకున్నాడు. లోపల్లోపల కొంచెం గర్వపడ్డాడు కూడా.

హాలు తలుపు తీసిన బంట్రోతు నోరు మూతపడని మనిషి. మెట్లెక్కుతున్నంతసేపూ కుర్చీలు ఎన్ని వేశాడో, ఎన్ని విరిగాయో చెబుతూనే ఉన్నాడు.

వేదిక మీద పియానో ఒకటే ఉండటం చూసి మేస్త్రి ఆగాడు. “ఇద్దరు వాయిస్తారన్నావుగా. రెండోది ఏది?”

“ఒకటే. ఇద్దరూ దాని మీదే వాయిస్తారట. అక్కచెల్లెళ్లు. నాకు తెలిసి, ఒకావిడ అలిసిపోతే ఇంకో ఆవిడ అందుకుంటుంది.”

“ఊఁ,” అన్నాడు మేస్త్రి.

మూత ఎత్తి పని చూసుకున్నాడు. ఎండకి జారింది గాని ఎక్కువ కాదు. నడిమి భాగంలో ఏడెనిమిది తీగలు సరిచేశాడు. కింది భాగం రాయిలా ఉంది. పైకి వచ్చి ఆ పదిహేనూ వరసగా ఒకసారి నొక్కి, వినపడినట్టే తల ఊపి, బిరడలు తిప్పే పానా కింద పెట్టాడు.

“తుడిచెయ్యి అమ్మాయ్,” అని, ఎప్పటిలాగే బంట్రోతుతో టీకి లేచాడు.

కోడలు సంచిలోంచి గుడ్డ తీసిందో లేదో, మెట్ల మీద మాటలు వినిపించాయి. పదకొండింటికి రావలసిన వాళ్లు పదింటికే వచ్చేశారు.

అక్క పొట్టిగా, నిండుగా, నెరిసిన జుట్టు ముడివేసుకుని ఉంది. చెల్లెలు పొడుగ్గా, ఎముకలు కనపడేట్టు, మెడలో తాడుకి కళ్లజోడు వేలాడేసుకుని ఉంది. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి.

“ఒక్క పావుగంట ఆగుతారా అమ్మా, తుడవాలి,” అంది కోడలు. ఆ గొంతులో ఏదో తొందర ఉన్నట్టు మేస్త్రికి అనిపించింది గాని పట్టించుకోలేదు.

“ఫరవాలేదులే, మా వేళ్లే తుడిచేస్తాయి,” అని చెల్లెలు కూర్చునేసింది.

“జరుగు,” అంది అక్క.

“ఎక్కడికి జరగను, గోడలోకా?”

“మోచెయ్యి లోపలికి పెట్టుకో. నిన్న పొడిచిన చోట ఇంకా నల్లగానే ఉంది.”

“నువ్వు సగం అవు, నేను మోచెయ్యి దాచుకుంటాను.”

“ఇదిగో, ఇది నా చోటు, అది నీ చోటు. నా మెట్ల మీదికి రాకు.”

“నువ్వు వదిలితేగా నేను వచ్చేది. నొక్కిన మెట్టు మీద కూర్చుని లేవవు, బస్సులో సీటు పట్టినట్టు.”

బంట్రోతు నవ్వాడు. అక్కచెల్లెళ్లు నవ్వలేదు. చేతులు మెట్ల మీద పెట్టారు. ఆ పెట్టడంతోనే వాళ్ల మధ్య వాదం ఎక్కడిదక్కడ తెగిపోయింది. ఎవరూ తల ఊపలేదు, లెక్క పెట్టలేదు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చారు. అదే సంజ్ఞ.

టీకి వెళ్లాల్సిన మేస్త్రి గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

ఒక్క మనిషి వాయించేటప్పుడు రెండు చేతులు ఎంతని చాపగలవు? ఏదో ఒక చోట ఉంటాయి. అవి లేని చోట తీగలు పడుకుని ఉంటాయి. ఇప్పుడు పడుకున్న తీగ ఒక్కటీ లేదు. అడుగున బరువైన స్వరాలు నేల లోంచి నీరు ఊరినట్టు ఊరుతున్నాయి. వాటి మీద అక్క కుడిచెయ్యి ఏదో నెమ్మదిగా నడిపిస్తోంది. దాని మీద ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. ఏ స్వరం ఏ చేతిదో పోల్చుకోవడానికి లేదు. రెండొందల పైచిలుకు తీగలు ఆ పెట్టెలో ఉన్నాయి. ప్రతిదాన్నీ ఆయన తన చేత్తో బిగించాడు, ఒంటరిగా పలికించి విన్నాడు. అవన్నీ కలిసి ఇంత మాట్లాడగలవని ఆయనకి తెలియదు. అరికాళ్ల కింద చెక్క నేల వణుకుతోంది. ముప్పై ఎనిమిదేళ్లు ఒక ఇంటి తాళాలు దగ్గర పెట్టుకుని తిరిగి, ఇవాళ మొదటిసారి ఆ ఇంట్లో దీపం వెలగడం చూసినట్టయింది.

చెల్లెలి చేతులు కుడివైపుకి పరుగెత్తాయి. మేస్త్రికి అక్కడితో సంగీతంలోంచి ఒక పొర జారిపోయింది. టకటకమనే చప్పుడు మిగిలింది. మరుక్షణం ఆమె చేతులు ఎత్తేసింది.

“మేస్త్రిగారూ, పైన ఏదో అరుస్తోంది.”

ఒక మెట్టు నొక్కి చూపింది. ఇంకొకటి. ఇంకొకటి. ఒక్కో మెట్టుకి మూడేసి తీగలుంటాయి. మూడూ ఒక్కటిగా పలకాలి. “మూడు పిల్లికూనల్ని ఒకే బుట్టలో వేసినట్టుంది. ఎవరి గొంతు వాళ్లది.”

బంట్రోతు కూడా చెవి మూసుకున్నాడు. అంటే వాడికి కూడా తెలుస్తోంది. 

“తేమ,” అన్నాడు మేస్త్రి.

అక్క ఆయన వంక కాసేపు చూసింది. “తేమే కావచ్చు. కాని సాయంత్రానికి పోవాలి. ఒక్కరే వాయించేవాళ్లు అంత పైకి ఎప్పుడోగాని పోరు. పోయినా తాకి వచ్చేస్తారు. మాకట్లా కాదు. కింద నేను కూర్చుంటాను కదా, దాన్ని అక్కడికి నెట్టేశాను. కచేరీ సగం అది అక్కడే కాపురముంటుంది.”

“ముప్పై ఏళ్లుగా,” అంది చెల్లెలు.

“అట్లాగే ఉంటే వాయించలేం, మేస్త్రిగారూ. ఆ మాట ముందే చెప్పడం మంచిది.”

“మూడింటిదాకా టైమివ్వండి,” అన్నాడు ఆయన.

వాళ్లు బసకి వెళ్లారు. బంట్రోతు వాళ్లకి దారి చూపడానికి వెళ్లాడు. హాల్లో ఖాళీ కుర్చీలు, మేస్త్రి, కోడలు మిగిలారు.

ఆయన రెండు తీగలు మోగకుండా ఫెల్టు గుడ్డ ముక్క అడ్డం పెట్టి, మూడోదాని బిరడకి పానా తగిలించాడు. మెట్టు నొక్కుతూ కొంచెం తిప్పాడు. టక్కు. ఇంకొంచెం. టక్కు. యథాలాపంగా తలెత్తితే కోడలి ముఖం పచ్చి నిమ్మకాయ కొరికినట్టు ఉంది. కిందికి తిప్పాడు. ముఖం కొంచెం సర్దుకుంది. ఇంకా తిప్పాడు. మళ్లీ ముడుచుకుంది. నాలుగైదుసార్లు అట్లా తిప్పాక, తను తీగని కాదు, ఆ పిల్ల ముఖాన్ని శ్రుతి చేస్తున్నానని ఆయనకి తెలిసొచ్చింది. పానా వదిలేశాడు.

“నీకు వినపడుతోందా?”

“ఊఁ.”

“ఎట్లా ఉంది?”

“బాగాలేదు మావయ్యా.”

“నాకు వినపడదని ఎప్పట్నించి తెలుసు?”

 కోడలు సంచి అడుగునుంచి తుడిచే గుడ్డ తీసి విప్పింది. అందులో పాత చిన్న పానా ఒకటి ఉంది. ఎవరింట్లోనో మరిచిపోయానని ఆయన నెలల తరబడి వెతుక్కున్నది.

“ఇది పోయిందనుకున్నాను.”

“పోలేదు.”

“తుడుస్తానని...”

“మీరు టీకి వెళ్లినప్పుడల్లా. పై పదిహేనే. దాదాపు రెండేళ్ల నుంచి.” గుడ్డ మడుస్తూ, “మొన్న నేను లేను. ఇవాళ పొద్దున చేద్దామనుకున్నాను. వాళ్లు ముందే వచ్చేశారు,” అంది.

మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కింద వీధిలో నీటి గుంటలు ఎండకి మెరుస్తున్నాయి. డాక్టరుగారి ఇల్లు గుర్తొచ్చింది. బడిలో పియానోలు, మిద్దింటి ముసలావిడ పియానో గుర్తొచ్చాయి. ఎవరెవరు ఏమేమి మెచ్చుకున్నారో, తను ఎలా తల వంచుకుని ‘ఊఁ’ అన్నాడో ఒక్కొక్కటే గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. చెవి పోయిందని తెలిసిన రోజు ఇంత బాధ లేదు. ఈ చెయ్యి ఉందన్న ధైర్యమొకటి ఉండేది అప్పుడు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు వెనక్కి తిరక్కుండా.

“మీరూ నాకు చెప్పలేదుగా.”

అది ఎదురు మాట కాదు. ఉన్న మాట. 

“అయితే నువ్వే చెయ్యి. నేనిక్కడ కూర్చుంటాను.”

“నా ఒక్కదాని వల్ల కాదు మావయ్యా. మీరు బిగించిన బిరడ ఆర్నెల్లు కదలదు. నేను బిగించింది నెల నిలవదు. అందుకే ఈ మధ్య అందరూ మిమ్మల్ని తొందర తొందరగా పిలుస్తున్నారు. మీరేమో బిరడలు పాతబడ్డాయని వాటిని తిడుతున్నారు. ఇంటి పియానోకయితే చెల్లిపోయింది. వాళ్ల దెబ్బ చూశారుగా. నా బిరడలు మొదటి పాటకే జారిపోతాయి.”

ఒకేసారి అన్ని మాటలు ఆ పిల్ల మాట్లాడగా ఆయన వినడం అదే మొదలు.

మేస్త్రి వచ్చి పానా అందుకున్నాడు. “నేను తిప్పుతాను. నువ్వు విను. వచ్చిందనగానే ఆపు.”

అనుకున్నంత సులువు కాలేదు. పై తీగలు వేలెడు పొడవుంటాయి. బిరడ వెంట్రుకవాసి కదిలితే స్వరం ఎక్కడికో పోతుంది. ఆయన తిప్పుతున్నాడు. కోడలు, “ఆపండి మావయ్యా,” అంది. ఆ మాట పూర్తయ్యేసరికి దాటిపోయింది. మళ్లీ కిందికి. “కొంచెం పైకి పోనివ్వండి... ఇక చాలండి.” మళ్లీ దాటింది. ఒక్క తీగకే పది నిమిషాలు పట్టింది. ఇంకా నలభై నాలుగున్నాయి.

“నువ్వు మర్యాద ఇచ్చేలోపు తీగ ఊరు దాటిపోతోంది. ‘ఆగు’ అను.”

“అమ్మో. మిమ్మల్నా?”

“నన్నే.”

“అనలేను మావయ్యా. నోరు రాదు.”

“రాకపోతే అయిదింటికి అంతమంది ముందు నా తల తీసి ఆ బల్ల మీద పెట్టినట్టవుతుంది. అప్పుడేం చేసుకుంటాను నీ మర్యాద?”

 కోడలు ఆయనకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. తీగ కదిలింది.

“ఆగు,” అంది గోడతో.

ఆగింది. మేస్త్రి మణికట్టు ఒక్క వత్తు వత్తి బిరడని కూర్చోబెట్టింది. మెట్టు నొక్కాడు. గోడవైపు నుంచి, “కదల్లేదు,” అని వచ్చింది. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. “కదల్లేదు.”

అక్కడినుంచి పని నడిచింది. పై. పై. ఆగు. కింద. ఆగు. వాళ్లిద్దరి మధ్య ఇన్నేళ్లలో నడిచిన మాటలన్నీ కలిపినా ఆ మధ్యాహ్నం నడిచినన్ని ఉండవు. వాటిలో సగం ‘ఆగు’లే. ఇరవయ్యో తీగ దగ్గర ఆ పిల్ల తెలియకుండానే ఇటు తిరిగిపోయింది. మొహం చూస్తూనే ఆగు అంటోంది. మేస్త్రికి ఒక వింత తోచింది. నోట్లోంచి మాట రావడానికి ముందు ఆమె ఊపిరి బిగబడుతుంది. ఆయన చెయ్యి ఆ ఊపిరికే ఆగడం నేర్చుకుంది. మాట వెనకాల వస్తోంది.

టీ పట్టుకొచ్చిన బంట్రోతు గుమ్మంలో కొయ్యబారాడు. “ఏమ్మా, మావగారితో ఆ మాటలేమిటి?”

“నేనే అనమన్నాను,” అన్నాడు మేస్త్రి. “పైన నాకు వినపడదు. ఆ పిల్ల వింటోంది.”

“వినపడదా? ఎంత పైన?”

“అదిగో, అక్కణ్నించి.”

“మరి నేను మాట్లాడేది?”

“అదంతా వినపడుతుంది. ఏం చేస్తాం.”

కోడలు మొహం గోడవైపు తిప్పుకుని నవ్వాపుకుంది. బంట్రోతు టీ అక్కడ పెట్టి వెళ్లాడు. వాడి కడుపులో ఆ మాట సాయంత్రం దాకా ఆగదని మేస్త్రికి తెలుసు. తెలిసే చెప్పాడు.

మూడింటికి అక్కచెల్లెళ్లు వచ్చారు. మేస్త్రి వేదిక దిగి ఎదురు వెళ్లాడు.

“పొద్దున తేమ అని చెప్పాను. తేమ కాదు. పై పదిహేను మెట్లు నాకు వినపడవు, రెండేళ్లయింది. ఇప్పుడు మా కోడలు విని చెబితే చేశాను. చూసుకోండి.”

అంత పొడుగు మాట ఆయన ఒక మనిషికి ఎప్పుడూ చెప్పి ఉండడు. చెల్లెలు కళ్లజోడు పెట్టుకుని ఆయన్నీ, వెనకాల సంచి పట్టుకుని నిలబడ్డ కోడల్నీ చూసింది. వెళ్లి కూర్చుంది. పై మెట్లు మెల్లగా నొక్కింది. తర్వాత గట్టిగా. తర్వాత పొద్దున ఎక్కడ ఆపేసిందో అక్కడినుంచి పరుగు తీసింది.

“అక్కా.”

“వింటున్నాను.”

“ఒకే గొంతు.”

“ఊఁ. ఇంకో పది నిమిషాలు గట్టిగా కొట్టు, జారతాయేమో చూద్దాం.” అక్క మేస్త్రివైపు తిరిగింది. “జారితే మళ్లీ పిలుస్తాం. ఇద్దరూ దగ్గర్లోనే ఉండండి.”

జారలేదు.

అయిదింటికి హాలు నిండింది. మేస్త్రి, కోడలు వేదిక పక్క తలుపు దగ్గర రెండు ముక్కాలిపీటల మీద కూర్చున్నారు. అక్కడినుంచి నాలుగు చేతులూ కనపడతాయి.

పొద్దున విన్నప్పుడు మేస్త్రి ఆశ్చర్యపోవడమే సరిపోయింది. ఇప్పుడు చూశాడు. అక్క బొటనవేలు నొక్కిన మెట్టే మరుక్షణంలో చెల్లెలి చిటికెనవేలికి కావాలి. అక్క వేలు లేవడం, చెల్లెలి వేలు దిగడం ఒకే కదలిక. ఒక వేలు తీరిగ్గా లేచిందా, రెండోదానికి కింద పడి ఉన్న మెట్టు దొరుకుతుంది, స్వరం పుట్టదు. ఒక్కసారి కూడా అట్లా జరగలేదు. ఒకచోట అక్క కుడిచెయ్యి పైకి పోవాలి, చెల్లెలి ఎడమచెయ్యి కిందికి రావాలి. ఒకటి వంతెన అయింది, ఒకటి దాని కిందనుంచి వెళ్లిపోయింది. చేతులు తగల్లేదు. పొద్దున మోచెయ్యి గురించి తిట్టుకున్నది వీళ్లేనా అనిపించింది.

అన్నిటికన్నా ఆయన కళ్లు అక్క కాలి మీద ఆగాయి. స్వరాన్ని నిలిపే పెడల్ ఒకటే ఉంది. అది కింద కూర్చున్నావిడ కాలి కిందే ఉంటుంది. కాని ఆ కాలు ఆవిడ చేతులతో పాటు కదలడం లేదు. చెల్లెలి పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ లేస్తోంది, ఎక్కడ నిలవాలో అక్కడ దిగుతోంది. చేతులు ఆవిడవి, కాలు చెల్లెలిది. ముప్పై ఏళ్లుగా ఒక మనిషి తన కాలుని ఇంకో మనిషి చెవికి ఇచ్చేసి, తన పని తాను చేసుకుపోతోంది.

 ఇట్లాంటివి మనుషులు చెయ్యగలరని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆఖరి పాట నెమ్మదిది. అక్క చేతులు ఒక్కొక్క స్వరమే కిందికి దించి, మెట్ల మీదే ఆగాయి. కాలు పెడల్ మీద బిగిసి ఉంది. చెల్లెలి కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. అది మెల్లగా పైకి ఎక్కింది. పదహారో మెట్టు మేస్త్రికి వినపడింది. ఆ పైది వినపడలేదు.

ఆయనకి టక్కు అన్న చప్పుడు కూడా అందలేదు. అంత మెత్తగా వాయిస్తోంది. వేళ్లు కదులుతున్నాయి. పెట్టెలో సుత్తులు లేచి పడుతున్నాయి. ఆయన హాలువైపు చూశాడు. మూడొందల మంది ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. దగ్గు రాబోయిన మనిషి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు గాని దగ్గడం లేదు. గోడకి ఆనుకుని బంట్రోతు నోరు తెరిచి ఉన్నాడు, మాట లేదు. పక్కన కోడలు ఊపిరి బిగబట్టింది, మధ్యాహ్నం తీగ సరిగ్గా కుదిరిన చోటల్లా బిగబట్టినట్టే. ఆ ఊపిరి ఆయనకి తెలుసు. ఇక్కడ ఎవరూ ఆగమనలేదు. ఊపిరి అట్లాగే నిలిచింది, చాలాసేపు నిలిచింది. తనకి అందని ఆ చోట ఎంత గొప్పది జరుగుతోందో, అది ఎంత సరిగ్గా ఉందో, ఆయన ఆ ఊపిరి పొడుగునా కొలుచుకుంటూ కూర్చున్నాడు. ఆ పదిహేను మెట్లూ తను బిగించినవే. అన్నీ నిలబడి ఉన్నాయి.

చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో ఆయనకి తెలియదు. కోడలు ఊపిరి వదిలాకే తెలిసింది.

జనం దిగిపోతుంటే బడి ప్రధానోపాధ్యాయిని పక్క తలుపు దగ్గరికి వచ్చింది. బడిలో రెండు పియానోలున్నాయి. ఏటా వాటికి శ్రుతి చేసేది మేస్త్రే.

“బంట్రోతు ఏదో చెబుతున్నాడు. మీకు వినపడదటగా.”

“పైన వినపడదు.”

“మరి వచ్చే వారం మా పియానోలు?”

“ఇద్దరం వస్తాం. నేను తిప్పుతాను, ఆ పిల్ల వింటుంది.”

ఆవిడ కోడల్ని ఎగాదిగా చూసింది. “ఇవాళ్టిది కూడా అట్లాగే చేశారా?”

“అట్లాగే.”

“ఆలోచించి కబురు చేస్తాను,” అని ఆవిడ వెళ్లిపోయింది. చేస్తుందో చెయ్యదో ఆ ముఖం చూస్తే తెలియలేదు. మేస్త్రి పనిముట్లు తుడిచి సంచిలో పెట్టాడు. చిన్న పానాని గుడ్డలో చుట్టకుండా పెద్దదాని పక్కనే పెట్టాడు.

వేదిక వెనక గదిలో పొడుగాటి బల్ల మీద బంట్రోతు భార్య రొట్టె, ఉడికిన గుడ్లు, ఒక పెద్ద గిన్నెలో కూరగాయల చారు పెట్టి వెళ్లింది. అక్క ఒక కుర్చీలో కూలబడి, “రండి, ఇద్దరూ కూర్చోండి,” అంది. కోడలు వెనక్కి తగ్గింది. మేస్త్రి తన పక్క కుర్చీ లాగాడు. ఆమె కూర్చుంది. బంట్రోతు ఎదురుగా కూర్చున్నాడు. 

 చెల్లెలి చేతిలో గుడ్డు పెంకు ఊడి రావడం లేదు. అక్క దాన్ని తీసుకుని, ఒలిచి, రెండు ముక్కలు చేసి ఆమె ముందు పెట్టింది. మేస్త్రి రొట్టె తుంచి కోడలి వైపు జరిపాడు. కోడలు చారు గిన్నె ఆయన వైపు జరిపింది. చెంచాలు గిన్నెలకి తగులుతున్నాయి. బయట చూరు మీద మిగిలిన నీళ్లు అప్పుడొకటి అప్పుడొకటి రాలుతున్నాయి. అయిదుగురూ తల వంచుకుని, ఆకలి మీదున్న మనుషుల్లా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.